సర్వే ఆహ్వానాలకు పౌరుల స్పందన నమోదు – సంతృప్తి శాతం వెనుక ఉండవలసిన లెక్క

ప్రజల ఫిర్యాదులను, విజ్ఞప్తులను ఫోను ద్వారా స్వీకరించే కాల్ సెంటర్లు తమ పనితీరుకు నిదర్శనంగా సాధారణంగా ప్రకటించే అంకె సంతృప్తి శాతం. సేవలు పొందినవారిలో ఇంత శాతం మంది సంతృప్తి వ్యక్తం చేశారన్న వాక్యం నివేదికలలోను, సమీక్షా సమావేశాలలోను, పత్రికా ప్రకటనలలోను తరచుగా కనిపిస్తుంది. అయితే అభిప్రాయం చెప్పవలసిందిగా ఎందరిని కోరారు, వారిలో ఎందరు అంగీకరించారు, ఎందరు చివరి ప్రశ్న వరకు సమాధానమిచ్చారు, మిగిలినవారు ఏ దశలో ఆగిపోయారు అన్న వివరాలు లేనిదే ఆ అంకెకు పూర్తి అర్థం లభించదు. ఈ వివరాలను ఒక క్రమపద్ధతిలో భద్రపరచడమే సర్వే ఆహ్వానాలకు స్పందనల నమోదు. దీని ఆవశ్యకతను, విధివిధానాలను పాత్రికేయుల, అధికారుల అవగాహన నిమిత్తం ఈ క్రింద వివరించడమైనది.

నేపథ్యం

కేంద్ర ప్రభుత్వ మంత్రిత్వ శాఖలకు సంబంధించిన ప్రజా ఫిర్యాదుల స్వీకరణ, పర్యవేక్షణ కొరకు కేంద్రీకృత ప్రజా ఫిర్యాదుల పరిష్కార, పర్యవేక్షణ వ్యవస్థ – సీపీగ్రామ్స్ – 2007 జూన్‌లో ప్రారంభమైంది. కేంద్ర పరిపాలనా సంస్కరణలు, ప్రజా ఫిర్యాదుల విభాగం దీనిని నిర్వహిస్తున్నది. ఫిర్యాదుల పరిష్కారానికి గరిష్ఠ గడువును 2021లో 60 రోజుల నుంచి 45 రోజులకు, 2022లో 30 రోజులకు, 2024 ఆగస్టులో జారీ అయిన సమగ్ర మార్గదర్శకాల ద్వారా 21 రోజులకు తగ్గించడం జరిగింది.

గడువు తగ్గిన కొద్దీ ఒక ప్రశ్న ప్రాధాన్యం సంతరించుకున్నది. ఫిర్యాదు పరిష్కారమైనట్లు కంప్యూటరులో నమోదు కావడం వేరు, అర్జీదారుని సమస్య నిజంగా తీరడం వేరు. ఈ రెండింటి మధ్య వ్యత్యాసాన్ని తెలుసుకునేందుకు 2022 జూలైలో సీపీగ్రామ్స్‌కు అనుబంధంగా అభిప్రాయ సేకరణ కాల్ సెంటర్ ఏర్పాటైంది. భారత్ సంచార్ నిగమ్ సంస్థ సహకారంతో నడిచే ఈ కేంద్రం, పరిష్కారమైనట్లు నమోదైన ఫిర్యాదులకు సంబంధించి అర్జీదారులకు ఫోను చేసి వారి అభిప్రాయం తెలుసుకుంటుంది. సంతృప్తి చెందని వారికి అప్పీలు చేసుకునే అవకాశం కల్పిస్తుంది.

తెలుగునాట కూడా ఇటువంటి వ్యవస్థలు కొంతకాలంగా అమలులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 మే నెలలో 1100 నంబరుతో పరిష్కార వేదిక కాల్ సెంటర్ ప్రారంభమైంది. 2023 మే 9న ప్రారంభమైన మరొక కార్యక్రమం ద్వారా 1902 నంబరుకు వచ్చే కాల్స్‌ను స్వీకరించారు. 2024 తరువాత ప్రజా సమస్యల పరిష్కార వేదికలో సమర్పించిన అర్జీల స్థితిగతులను 1100 నంబరు ద్వారా తెలుసుకునే వీలు కల్పించారు. ప్రభుత్వ సేవలపై ముందుగా రికార్డు చేసిన ప్రశ్నలతో ఐ.వి.ఆర్.ఎస్. కాల్స్ ద్వారా ప్రజాభిప్రాయం సేకరించే విధానం కూడా రాష్ట్రంలో ప్రజలకు పరిచితమైనదే.

ఆహ్వానం అందించే పద్ధతులు

అభిప్రాయం చెప్పవలసిందిగా పౌరుని కోరడాన్నే సర్వే ఆహ్వానం అంటారు. కాల్ సెంటర్లలో ప్రధానంగా నాలుగు పద్ధతులు ఆచరణలో ఉన్నాయి.

మొదటిది, సంభాషణ ముగింపులో ఆపరేటరే స్వయంగా కోరడం. పౌరుడు అంగీకరిస్తే ఆపరేటర్ ఆ కాల్‌ను సర్వే విభాగానికి బదిలీ చేస్తారు.

రెండవది, కాల్ ఆరంభంలోనే యంత్రం ద్వారా ఆహ్వానించడం. సర్వేలో పాల్గొనదలచినవారు ఒక అంకెను నొక్కితే, ఆపరేటర్‌తో సంభాషణ ముగిసిన వెంటనే ప్రశ్నలు వినిపిస్తాయి.

మూడవది, ఫిర్యాదు పరిష్కారమైనట్లు నమోదైన తరువాత కాల్ సెంటర్ నుంచే పౌరునికి ఫోను చేయడం. ఈ కాల్‌లో మనిషి మాట్లాడవచ్చు, లేదా రికార్డు చేసిన స్వరం వినిపించవచ్చు.

నాలుగవది, ఎస్.ఎం.ఎస్., వాట్సాప్, ఈ-మెయిల్ ద్వారా లింకు పంపడం.

ప్రతి పద్ధతికి దాని సౌలభ్యం, దాని పరిమితి ఉన్నాయి. మొదటి పద్ధతిలో ఎవరిని ఆహ్వానించాలన్న నిర్ణయం ఆచరణలో ఆపరేటర్ చేతిలో ఉంటుంది. రెండవ పద్ధతిలో సేవ ఎలా ఉండబోతున్నదో తెలియకముందే పౌరుడు నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది గనుక పక్షపాతానికి ఆస్కారం తక్కువ. మూడవ పద్ధతిలో సమస్య నిజంగా తీరిందా లేదా అన్నది తెలుస్తుంది గాని, ఫోను ఎత్తనివారి సంఖ్య పెరుగుతుంది. నాలుగవ పద్ధతి స్మార్ట్‌ఫోను, ఇంటర్నెట్ లేనివారిని, చదవడం రానివారిని సహజంగానే వదిలివేస్తుంది. ఈ కారణం చేత, వేర్వేరు పద్ధతులలో సేకరించిన శాతాలను ఒకే పట్టికలో చేర్చి పోల్చడం సమంజసం కాదు.

ప్రతి ఆహ్వానానికి ఒక ఫలితం

క్రమబద్ధమైన నమోదు విధానంలో పరిష్కారమైన ప్రతి కాల్, లేదా ప్రతి ఫిర్యాదు, ఈ క్రింది స్థితులలో ఏదో ఒకదానికి చెంది తీరాలి. ఏదీ ఖాళీగా మిగలరాదు.

1. ఆహ్వానించలేదు: అర్హత ఉన్నప్పటికీ సర్వేకు పిలవలేదు.
2. ఆహ్వానం చేరలేదు: నంబరు తప్పు, ఫోను స్విచ్ఛాఫ్, పరిధిలో లేదు, లేదా ఎత్తలేదు.
3. స్పందన లేదు: ఆహ్వానం విన్నారు గాని అవునని గాని కాదని గాని చెప్పకుండా ఫోను పెట్టివేశారు.
4. నిరాకరించారు: పాల్గొనబోమని స్పష్టంగా తెలిపారు.
5. అంగీకరించారు, ప్రారంభించలేదు: బదిలీలో కాల్ తెగిపోయింది, లేదా మొదటి ప్రశ్నకు ముందే ఆగిపోయారు.
6. మధ్యలో విరమించారు: కొన్ని ప్రశ్నలకు మాత్రమే సమాధానమిచ్చారు.
7. పూర్తి చేశారు: అన్ని ప్రశ్నలకు సమాధానమిచ్చారు.

అమెరికాకు చెందిన ప్రజాభిప్రాయ పరిశోధకుల సంఘం ఆపోర్ 1998లో తొలిసారి ప్రచురించి, అనంతరం పలుమార్లు సవరించిన ప్రామాణిక నిర్వచనాలలో ఇటువంటి వర్గీకరణే ఉన్నది. స్పందన రేటును ఆరు విధాలుగా లెక్కించవచ్చునని ఆ సంఘం పేర్కొంటుంది. కనుక ఒక కేంద్రం తన స్పందన రేటును ప్రకటించేటప్పుడు దానిని ఏ విధంగా లెక్కించినదీ తెలియజేయడం అవసరం.

పై స్థితులలో మూడవ, నాలుగవ స్థితులను కలిపివేయడం సాధారణంగా జరిగే పొరపాటు. నిరాకరించిన వ్యక్తి ఒక నిర్ణయం తెలియజేశాడు. స్పందించని వ్యక్తి అసలు ప్రశ్నే వినకపోయి ఉండవచ్చు, భాష అర్థం కాకపోయి ఉండవచ్చు. మొదటివారిని మళ్లీ పిలవరాదు. రెండవవారికి మరొక సమయంలో, మరొక పద్ధతిలో అవకాశం ఇవ్వవచ్చు. అదేవిధంగా ఐదవ స్థితిలో సంఖ్య హఠాత్తుగా పెరిగితే అది పౌరుల అనాసక్తికి గాక సాంకేతిక లోపానికి సూచనగా పరిగణించి పరిశీలించాలి.

ఒక ఉదాహరణ

ఈ లెక్క ఎందుకు అవసరమో ఒక ఊహాత్మక ఉదాహరణ ద్వారా గ్రహించవచ్చు. ఒక కేంద్రానికి నెలలో 1000 కాల్స్ వచ్చాయనుకుందాం. వాటిలో 600 మందిని సర్వేకు ఆహ్వానించారు. వారిలో 240 మంది అంగీకరించగా, 210 మంది నిరాకరించారు, 150 మంది స్పందించలేదు. అంగీకరించిన 240 మందిలో 50 మంది ప్రారంభించలేదు, 40 మంది మధ్యలో విరమించారు, 150 మంది పూర్తి చేశారు. పూర్తి చేసినవారిలో 120 మంది సంతృప్తి వ్యక్తం చేశారు.

ఆ కేంద్రం 80 శాతం సంతృప్తి సాధించినట్లు ప్రకటిస్తే అందులో అసత్యం లేదు. 150 మందిలో 120 మంది అంటే 80 శాతమే. కాని ఆహ్వానితులలో సర్వే పూర్తి చేసినవారు 25 శాతం మాత్రమే. మొత్తం కాల్స్‌లో చూస్తే 15 శాతం. సంతృప్తి చెందినట్లు రూఢిగా తెలిసినవారు వెయ్యి మందిలో 120 మంది, అనగా 12 శాతం. అసంతృప్తి చెందినట్లు రూఢిగా తెలిసినవారు 30 మంది. మిగిలిన 850 మంది అభిప్రాయం పూర్తిగా తెలియదు. వారందరూ అసంతృప్తులే అయితే వాస్తవ సంతృప్తి 12 శాతం, అందరూ సంతృప్తులే అయితే 97 శాతం. వాస్తవం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఎక్కడ ఉన్నదన్నది 80 శాతం అన్న ఒక్క అంకె చెప్పజాలదు.

ఎంపిక చేసి ఆహ్వానించడం వలన కలిగే దోషం

ఆపరేటర్ల పనితీరు మదింపు, ప్రోత్సాహకాలు సంతృప్తి శాతంతో ముడిపడి ఉన్న చోట మరొక సమస్య తలెత్తుతుంది. సంతోషంగా మాట్లాడిన పౌరుని సర్వేకు ఆహ్వానించడం, కోపంగా మాట్లాడినవారి కాల్‌ను ఆహ్వానం లేకుండానే ముగించడం మానవ సహజమైన ధోరణి. దీనిని వ్యక్తుల దోషంగా గాక వ్యవస్థ రూపకల్పనలోని లోపంగా చూడడం ఉచితం.

వెయ్యి మంది పౌరులలో 500 మంది సంతృప్తులు, 500 మంది అసంతృప్తులు అనుకుందాం. సంతృప్తులలో ప్రతి పదిమందికి తొమ్మిదిమందిని, అసంతృప్తులలో ప్రతి పదిమందికి ముగ్గురిని మాత్రమే ఆహ్వానిస్తే, 450 మంది సంతృప్తులు, 150 మంది అసంతృప్తులు సర్వేకు చేరుతారు. ఇరువర్గాలు ఒకే నిష్పత్తిలో సమాధానమిచ్చినా ఫలితం 75 శాతంగా తేలుతుంది. వాస్తవం 50 శాతమే. ఇందులో ఎవరూ ఒక్క సమాధానాన్ని కూడా మార్చలేదు. కేవలం ఆహ్వానం అందినవారి జాబితా మారింది.

మొదటి స్థితి, అనగా ఆహ్వానించని కాల్స్ సంఖ్య, నమోదైతేనే ఈ దోషం బయటపడుతుంది. ఒకే విధమైన కాల్స్ స్వీకరించే ఆపరేటర్ల మధ్య ఆహ్వాన శాతంలో పెద్ద తేడా కనిపించినప్పుడు పర్యవేక్షకులు కారణం తెలుసుకోవాలి. అంతకంటె మేలైన మార్గం, ఎవరిని ఆహ్వానించాలన్నది కంప్యూటరు యాదృచ్ఛికంగా నిర్ణయించేటట్లు ఏర్పాటు చేయడం.

1936 నాటి అనుభవం

సమాధానాల సంఖ్య ఎంత పెద్దదైనా, సమాధానమివ్వనివారి లెక్క లేకపోతే ఫలితం తప్పు కావచ్చునని నిరూపించిన ప్రసిద్ధ సంఘటన 1936లో అమెరికాలో జరిగింది. ఆ సంవత్సరం అధ్యక్ష ఎన్నికల సందర్భంగా లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటి ఆధారంగా ఆల్ఫ్రెడ్ లాండన్ గెలుస్తారని పత్రిక అంచనా వేసింది. వాస్తవ ఎన్నికలలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాలలో 46 గెలుచుకున్నారు. పంపిణీ జాబితాలో టెలిఫోను, కారు ఉన్నవారికి అధిక ప్రాతినిధ్యం లభించడం ఒక కారణం కాగా, బ్యాలెట్లు తిప్పి పంపినవారి అభిప్రాయానికి, పంపనివారి అభిప్రాయానికి మధ్య తేడా ఉండడం మరొక ముఖ్య కారణమని తదుపరి పరిశీలనలు తేల్చాయి. 20 లక్షల సమాధానాలకు లేని రక్షణ, 150 సమాధానాలకు ఉంటుందని భావించలేము.

సమాధానం రాకపోవడానికి కారణాలు

సైబర్ మోసాలు పెరిగిన నేపథ్యంలో తెలియని నంబరు నుంచి వచ్చిన కాల్‌ను ఎత్తడానికి ప్రజలు సందేహిస్తున్నారు. వారిని అప్రమత్తంగా ఉండవలసిందిగా కోరుతున్నది ప్రభుత్వ శాఖలే గనుక ఈ సందేహాన్ని తప్పుపట్టలేము. సేవా, లావాదేవీ సంబంధ కాల్స్‌ను గుర్తించేందుకు వీలుగా టెలికాం శాఖ 2024 మే నెలలో 160తో ఆరంభమయ్యే పది అంకెల నంబర్ల శ్రేణిని కేటాయించింది. ఏ నంబరు నుంచి అభిప్రాయ సేకరణ కాల్ వస్తుందో అర్జీ స్వీకరించిన నాడే రసీదుపై తెలియజేయడం ప్రయోజనకరం. అభిప్రాయ సేకరణకు ఓ.టి.పి., బ్యాంకు ఖాతా, ఆధార్ వివరాలతో పని లేదన్న విషయాన్ని కూడా స్పష్టం చేయాలి. మోసానికి గురైనవారు 1930 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు.

సమయం మరొక కారణం. వ్యవసాయ పనులలో, ఉపాధి పనులలో ఉన్నవారికి పగటిపూట చేసే కాల్ అందదు. ఇంటిలో ఒకే ఫోను ఉండి, అది కుటుంబంలో మరొకరి వద్ద ఉన్నప్పుడు అర్జీదారునికి బదులు వేరొకరు సమాధానమివ్వవచ్చు. గ్రాంథిక పదాలతో కూడిన రికార్డు ప్రశ్నలు, వినికిడి లోపం, ఏ అంకె నొక్కాలో చెప్పేలోగా మొదటి భాగం మరచిపోయేంత పొడవైన వాక్యాలు కూడా విరమణలకు దారితీస్తాయి. ఏ ప్రశ్న వద్ద ఎక్కువమంది ఆగిపోతున్నారో నమోదు చేస్తే ఆ ప్రశ్నను సరిదిద్దే వీలు కలుగుతుంది.

నమోదులో ఉండవలసిన అంశాలు

ప్రతి ఆహ్వానానికి ఒక ప్రత్యేక సంఖ్య, దానికి సంబంధించిన ఫిర్యాదు సంఖ్య, తేదీ, సమయం, పద్ధతి, భాష, ఎన్నవ ప్రయత్నం, తుది స్థితి అన్న అంశాలు తప్పనిసరిగా ఉండాలి. సాధ్యమైనంత వరకు ఈ వివరాలను ఆపరేటర్ చేతితో గాక కాల్ సెంటర్ యంత్రాంగమే స్వయంగా నమోదు చేయాలి. ఒకే వ్యక్తికి అనేకసార్లు కాల్ వెళ్లకుండా ప్రయత్నాలకు పరిమితి విధించాలి. కాల్ సెంటర్ల నిర్వహణకు సంబంధించి 2017లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 18295 ప్రమాణంలో మొదటి భాగం కేంద్రాలకు, రెండవ భాగం ఆ కేంద్రాల సేవలు పొందే సంస్థలకు ఉద్దేశించినవి. నిర్వహణను బయటి సంస్థకు అప్పగించినంత మాత్రాన శాఖ బాధ్యత తీరిపోదన్న అంశం ఈ విభజనలోనే ఇమిడి ఉన్నది. కనుక ఒప్పంద పత్రాలలో సంతృప్తి శాతంతోపాటు ఏడు స్థితుల పట్టికను కూడా నెలనెలా సమర్పించాలన్న నిబంధన చేర్చడం అవసరం.

పౌరుని ఫోను నంబరు, స్వరం వ్యక్తిగత సమాచారం క్రిందకు వస్తాయి. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం లభించగా, నియమావళి 2025 నవంబరులో వెలువడింది. నిబంధనలు దశలవారీగా అమలులోకి వచ్చే విధంగా రూపొందించబడ్డాయి. అసంతృప్తి వ్యక్తం చేసినవారి పేరు, నంబరు క్షేత్రస్థాయి సిబ్బందికి చేరితే వారిపై ఒత్తిడి వచ్చే ప్రమాదం ఉన్నది. పునఃపరిశీలన అధికారికి మినహా ఇతరులకు ఆ వివరాలు కనిపించని ఏర్పాటు ఉండాలి.

సమాధానం తరువాత చర్య

స్పందనల నమోదు గణాంకాల కోసం మాత్రమే ఉద్దేశించినది కాదు. సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదు ముగిసిన తరువాత సంతృప్తి చెందనివారు 30 రోజులలోగా అప్పీలు చేసుకోవచ్చు. అభిప్రాయ సేకరణ కాల్ అందని అర్జీదారునికి ఈ హక్కు గురించి తెలియకపోవచ్చు. మూడు నెలలుగా పింఛను ఆగిపోయిన ఒక వృద్ధురాలి అర్జీ పరిష్కారమైనట్లు నమోదై, ఆమెకు చేసిన కాల్స్ అందలేదనుకుందాం. నివేదికలో ఆమె సంతృప్తుల జాబితాలో ఉండదు, అసంతృప్తుల జాబితాలోను ఉండదు. ఆహ్వానం చేరలేదన్న స్థితి నమోదైనప్పుడే ఆమె పేరు ఒక జాబితాలోకి వస్తుంది. ఆ జాబితాను గ్రామ, వార్డు స్థాయి సిబ్బందికి గాక వేరొక శాఖ సిబ్బందికి అప్పగించి ఇంటి వద్దనే విచారించడం సాధ్యమవుతుంది. నమోదు లేనిచోట ఫైలు మూతపడుతుంది, పింఛను ఆగే ఉంటుంది.

పరిశీలనకు కొన్ని ప్రశ్నలు

సంతృప్తి శాతం ప్రకటించే అధికారులు, దానిని ప్రచురించే పాత్రికేయులు ఈ క్రింది ప్రశ్నలకు సమాధానం ఉన్నదో లేదో చూసుకోవడం మేలు.

– మొత్తం ఎన్ని కాల్స్ లేదా ఫిర్యాదులకు సంబంధించిన లెక్క ఇది?
– ఎందరిని ఆహ్వానించారు? ఆహ్వానితులను ఎవరు, ఏ ప్రాతిపదికన ఎంపిక చేశారు?
– ఎందరికి ఆహ్వానం చేరింది, ఎందరు నిరాకరించారు, ఎందరు స్పందించలేదు?
– మధ్యలో విరమించినవారి సమాధానాలను కలిపారా, వదిలివేశారా?
– అడిగినది ఆపరేటర్ మర్యాద గురించా, సమస్య పరిష్కారం గురించా?
– గత నెలతో పోల్చేటప్పుడు ఆహ్వాన పద్ధతి మారిందా?
– అసంతృప్తి తెలిపిన వారి ఫిర్యాదులు ఎన్ని తిరిగి తెరిచారు?

ఐదవ ప్రశ్న ప్రత్యేకంగా గమనించదగినది. ఆపరేటర్ మర్యాదగా మాట్లాడారని చెప్పిన పౌరుడు తన వీధిలో మంచినీరు వచ్చిందని చెప్పినట్లు కాదు. ఈ రెండు ప్రశ్నలను వేరువేరుగా అడిగి, వేరువేరుగా నివేదించాలి.

పై ఉదాహరణలోని కేంద్రం తన ఫలితాన్ని ఈ విధంగా ప్రకటించవచ్చు: మొత్తం 1000 కాల్స్‌కుగాను 600 మందిని ఆహ్వానించగా 150 మంది సర్వే పూర్తి చేశారు, వారిలో 120 మంది సంతృప్తి, 30 మంది అసంతృప్తి వ్యక్తం చేశారు. ఇందులో ఒక్క వాక్యం మాత్రమే అదనం. అయినా చదివినవారికి 850 మంది సంగతి తెలుసుకోవలసి ఉన్నదన్న విషయం స్పష్టమవుతుంది. తదుపరి సమీక్షా సమావేశంలో చర్చ ఆ 850 మంది వద్ద నుంచే ప్రారంభం కావాలి.